ఇరుసు నట్టు

బండికి చక్రమెంత ముఖ్యమో, ఆ చక్రమును ఇరుసుపై నిలిపియుంచు చిన్న వస్తువును అంతే ముఖ్యము. ఎద్దుబండియందు ఆ పని చేయునది కడసీల. అది వ్రేలెడు పొడవుగల ఇనుపముక్క. దాని వెల స్వల్పము. అయినను అది జారిపోయినచో నిండుబండి నేలగూలును. యుద్ధభూమియందు దశరథుని రథమునకు సీల ఊడిపోగా కైక తన వ్రేలినే సీలగా నుంచి రథమును కాపాడెనని మన జనులు చెప్పుకొనుచుందురు. ఆ కథ వాల్మీకి రామాయణమున లేదు. అందు కైక స్పృహదప్పిన భర్తను రణరంగమునుండి తప్పించినట్లు మాత్రమే యున్నది. వ్రేలి కథను కల్పించినవారు తప్పక బండ్లు తోలినవారై యుందురు. ఇరుసు కొన వట్టిదైనచో ఎంత చేటు కలుగునో వారికే తెలియును.

ఎద్దుబండి కడసీల చేయు పనిని మోటారు సైకిలునందు చేయునది ఇరుసు నట్టు. దానిని బిగించుట చూచుటకు సులభమైన పని. పానా పట్టి త్రిప్పిన చాలునని పలువురు తలంతురు. ఆ త్రిప్పుటలో ఎంత శాస్త్రమున్నదో, ఎంత జాగ్రత్త వలయునో ఈ పాఠమున తెలిసికొందము.

వికారాబాదు జిల్లాలో కుల్కచర్ల ఒక మండల కేంద్రము. 2016లో జిల్లాలను పునర్విభజించు వరకు ఇది రంగారెడ్డి జిల్లాలో నుండెను. ఉత్తరమున పరిగి, పడమట కొడంగల్, దక్షిణమున మహబూబ్‌నగరము దీనికి దాపున గల పట్టణములు. పాంబండ రామలింగేశ్వరస్వామి ఆలయము ఈ మండలమునకు పేరు తెచ్చినది. వాయవ్యమున తాండూరు కలదు. అచ్చటి నాపరాయియు, కందులును దూరప్రాంతముల వారికిని తెలిసినవే. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. నాపరాళ్ళ బరువుతో లారీలు తిరుగు బాటలు, వానకు కోతపడిన అంచులు, పొలములకు పోవు కంకర దారులు ఈ ప్రాంతమున సామాన్యము. ఇట్టి దారుల కుదుపునకు మోటారు సైకిలునందలి ప్రతి నట్టును పరీక్షకు నిలువవలసినదే.

ఇట్టి ఊళ్ళలో తండ్రి కొన్న బుల్లెట్టును కొడుకు నడుపుట కలదు. బుల్లెట్ అను పేరు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు కర్మాగారమునుండి 1930 తరువాతి తొలి యేండ్లలో వెలువడినది. మన దేశమున 1955లో మద్రాస్ మోటార్స్ వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడినది. మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరులో దాని కర్మాగారము వెలసినది. రెడ్డిచ్ కర్మాగారము 1967లో మూతపడినను మన దేశమున ఆ బండి తయారీ ఆగలేదు. పాత బుల్లెట్టునందు గేరు కుడికాలి క్రిందను, బ్రేకు ఎడమకాలి క్రిందను ఉండును. వెనుక చక్రమునకు ఎడమ ప్రక్కనే చైనును, పండ్లచక్రమును, బ్రేకు డ్రమ్మును చేరియుండును. ఈ సంగతి ముందు పనికివచ్చును.

కుల్కచర్లలో నొక రైతు బుల్లెట్టునకు వెనుక చక్రము పంచరైనదనుకొందము. మరునాడు తెల్లవారకముందే అతడు కుమార్తెను వెనుక కూర్చుండబెట్టుకొని పరిగికి పోయి హైదరాబాదు బస్సెక్కించవలసియున్నది. మిస్త్రీ పంచరు వేసినాడు. చక్రమును మరల బిగించు పనిని దుకాణమున పని నేర్చుకొనుచున్న బాలుని కప్పగించినాడు. బాలుడు నట్టు తొడిగి పానా వేసినాడు. బలము చాలదని పానాకు ఒక గొట్టము తగిలించి, దానిపై నిలిచినాడు. మిస్త్రీ అది చూచి, "దిగు బిడ్డా! ముందు చేతితో త్రిప్పు, పానా తరువాత" అన్నాడు. ఆ మాటలోనే సగము పాఠమున్నది.

పానా అనగా ఒక తులాదండము. నట్టు నడిమి నుండి చేయి పట్టిన చోటికి గల దూరమును, చేయి లాగిన బలమును గుణించినచో వచ్చునది బలభ్రామకము. 25 సెంటీమీటర్ల పానాను 20 కిలోల బరువుకు సమమైన బలముతో లాగినచో 5 కిలోగ్రాము-మీటర్లు, అనగా ఇంచుమించు 49 న్యూటన్-మీటర్లు అగును. బాలుడు తగిలించిన గొట్టముతో ఆ పొడవు 75 సెంటీమీటర్లైనదనుకొందము. దాని కొనపై 40 కిలోల బాలుడు నిలిచినచో అది 30 కిలోగ్రాము-మీటర్లు అగును. చేతి లాగుడుకు ఆరు రెట్లు! బాలునికి మాత్రము తాను ఊరక నిలిచినట్లే తోచును. గొట్టము చేయు మోసమిదియే. అది శ్రమను దాచిపెట్టి బలమును పెంచును.

ఇక నట్టులోపల ఏమి జరుగుచున్నదో చూతము. మరచుట్టు అనునది కడ్డీకి చుట్టిన వాలుతలము. సైకిళ్ళకును, పాత ఆంగ్ల మోటారు సైకిళ్ళకును విరివిగ వాడిన మరచుట్టులలో ఒక రకమునకు అంగుళమునకు 26 చుట్లుండును. అట్టి నట్టును ఒక చుట్టు త్రిప్పిన అది జరుగు దూరము ఒక మిల్లీమీటరునకు కొంచెము తక్కువ. పావు చుట్టునకు జరుగునది పావు మిల్లీమీటరు మాత్రమే. నట్టు కూర్చున్న తరువాత అది ముందునకు జరుగుటకు చోటులేదు. కనుక ఇరుసే సాగును. ఉక్కు సాగుటయా యని ఆశ్చర్యపడనక్కరలేదు. కంటికి కనబడనంత సాగును, వదలినచో మరల యథాస్థితికి వచ్చును. అనగా బిగించిన ఇరుసు సాగదీసిన స్ప్రింగు వంటిది. ఆ స్ప్రింగు తిరిగి కుదించుకొనుటకు యత్నించుచు, రెండు ప్రక్కల చట్రపు బాహువులను నడుమనున్న భాగములపై అదిమిపట్టియుంచును. చక్రమును స్థిరముగ నిలుపునది ఆ అదుముడే. నట్టు అను వస్తువు ఆ అదుముడును పుట్టించుటకు సాధనము మాత్రమే.

చేతితో మనము పెట్టు బలములో చాలభాగము ఈ సాగదీతకు పోవదు. మరచుట్ల మధ్యను, నట్టు అడుగునను కలుగు రాపిడియే దానిలో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు తినివేయును. అయినను మిగిలిన ఆ ఒక్క వంతు వాలుతలపు మహిమచే పెరిగి పెద్దదగును. అర అంగుళమునకు మించిన లావుగల ఇరుసుపై 5 కిలోగ్రాము-మీటర్ల బిగింపునకు కలుగు అదుముడు స్థూలముగ 15 మొదలు 20 క్వింటాళ్ళ బరువుకు సమానము. మార్కెట్టు యార్డునందు అన్ని క్వింటాళ్ళ కందుల బస్తాలను ఒకదానిపై నొకటి పేర్చినట్లూహింపుడు. ఒక్క చేతి లాగుడుకు అంత బరువు! గొట్టముపై నిలిచిన బాలుడు దానిని ఆరు రెట్లు చేయబూనినాడు.

రాపిడియే ఎక్కువ పాలు తినుచున్నదనుటలో మరియొక చిక్కు గలదు. మరచుట్టునకు గ్రీజు పూసినచో రాపిడి తగ్గును. అప్పుడు అదే లాగుడుకు ఇరుసు ఇంకను ఎక్కువ సాగును. పొడి మరచుట్టునకు చెప్పిన కొలతను గ్రీజు పూసిన మరచుట్టునకు వాడరాదు. తుప్పు పట్టిన చుట్లలో దీనికి విపరీతము జరుగును. పానా బిగుతుగా తోచును, బలమంతయు తుప్పుతో పోరాడుటకే సరిపోవును, ఇరుసు సాగనే సాగదు. చేతికి తోచిన బిగుతు అసలైన బిగుతు కాదని గ్రహింపవలెను. బిగింపును కొలిచి చూపు టార్కు రెంచి అను పానాను 1918లో న్యూయార్కు నగరపు జలశాఖ పనియందుండిన కాన్రాడ్ బార్ రూపొందించినట్లు చెప్పుదురు. నీటి గొట్టముల బోల్టులను అతిగా బిగించి విరుచుట ఆ శాఖకు బెడదయై యుండెను. ఆ పానాయును కొలుచునది చేతి త్రిప్పుడునే గాని ఇరుసు సాగుటను గాదు. మరచుట్లను శుభ్రపరచు పని అది మన బదులు చేయజాలదు.

ఎద్దుబండి వాడుకకు అలవడినవారిలో ఒక అపోహ కలదు. చక్రము సుఖముగ తిరుగవలెనన్నచో నట్టును కొంత వదులుగ ఉంచవలెనని వారందురు. బండి చక్రమునకు అది నిజమే. అచ్చట చక్రపు కుండ నేరుగ ఇరుసుపై తిరుగును. కడసీలకును కుండకును నడుమ కొంత సందు ఉండితీరవలెను. సైకిలునందు గుండ్లను పట్టియుండు కోనులను సరిదిద్దుటకు ఒక మేర కలదు. మోటారు సైకిలు సంగతి వేరు. దీని చక్రమున రెండు బేరింగులు, వాని లోపలి కడియముల నడుమ ఒక గొట్టము ఉండును. నట్టు బిగించినప్పుడు చట్రపు బాహువులు, వాషర్లు, బేరింగుల లోకడియములు, నడిమి గొట్టము అన్నియు కలిసి ఒక స్తంభమగును. చక్రము తిరుగునది వెలుపలి కడియములతో. కావున నట్టును ఎంత సరిగా బిగించినను చక్రము బిగుసుకొనరాదు. బిగుసుకొన్నదన్నచో నట్టును వదులు చేయుట వైద్యము కాదు. లోపలి గొట్టము పడిపోయినదో, పొట్టిదైనదో, బేరింగు వంకరగ కూర్చున్నదో చూడవలెను. చక్రము తిరుగుటకై నట్టును వదులు చేసి పంపిన మిస్త్రీ రోగమును బండిలోనే దాచి పంపినవాడగును.

వదులైన నట్టు వెనుక చక్రమునకు ఎంత కీడు చేయునో లెక్కతో చూతము. బుల్లెట్టు వెనుక చక్రపు వ్యాసార్థము సుమారు 32 సెంటీమీటర్లు. దాని పండ్లచక్రము వ్యాసార్థము 10 సెంటీమీటర్లకు లోపు. అందుచేత చక్రము నేలను నెట్టు బలమునకు మూడు రెట్లకు పైగా చైను లాగుచుండును. ఆ లాగుడంతయు ఇరుసు ఎడమ కొనపైనే పడును. అదుముడు చాలనిచో ఎడమ కొన ముందునకు జరుగజూచును. కుడి కొన అచ్చటనే యుండును. చక్రము ఏటవాలుగ నిలుచును. చైను పండ్లపై ప్రక్కగా ఒరసి, ఒకనాడు జారి, పండ్లచక్రమునకును చట్రమునకును నడుమ చిక్కుకొనవచ్చును. అప్పుడు వెనుక చక్రము తిరుగుట మాని నేలపై ఈడ్చుకొనిపోవును. వెనుక కూర్చున్న బిడ్డకు పట్టుకొనుటకు కూడ వ్యవధి యుండదు.

నట్టు తనంతట తాను ఎట్లు వదులగును? ఈ ప్రశ్నకు జర్మనీ దేశీయుడగు గెర్హార్డ్ జుంకర్ 1969లో చక్కని సమాధానము చూపినాడు. ఇరుసు పొడవు వెంట కలుగు కుదుపుకంటె దానికి అడ్డముగ కలుగు కుదుపే నట్టును ఎక్కువగా వదలించునని అతని పరిశోధన వలన తేలినది. అడ్డపు కదలికకు మరచుట్ల మధ్య రాపిడి క్షణక్షణము విడిపోవును. విడిపోయిన ప్రతిసారియు నట్టు వాలుతలముపై వెంట్రుకవాసి వెనుకకు జారును. అసలు అదుముడు చాలినంత యున్నచో భాగములు అడ్డముగ కదలనే కదలవు, నట్టు వదులు కాదు. తక్కువ బిగించిన నట్టే త్వరగా ఊడును. స్ప్రింగు వాషరు ఉన్నది గదా యని నిశ్చింతగ నుండుట పొరపాటు. అది బిగింపునకు బదులు కాజాలదు.

ఇప్పుడు మిస్త్రీ బాలునిచే పనిని ఎట్లు చేయించెనో చూడుడు. మొదట ఇరుసును గుడ్డతో తుడిపించెను. చుట్లలోని ఎర్రమన్నును పాత బ్రష్షుతో దులిపించెను. నట్టును చేతివ్రేళ్ళతో త్రిప్పుమనెను. మంచి నట్టు వ్రేళ్ళతోనే కడవరకు పోవలెను. పోక నడుమ పట్టుకొన్నచో చుట్టు అడ్డముగ ఎక్కినదన్నమాట. అట్టి యెడ పానా వేసిన చుట్లు తెగును. నట్టును మొదట వెనుకకు మెల్లగ త్రిప్పి, చుట్టు కొన చుట్టు కొననుండి జారిన చిన్న కదలిక వ్రేళ్ళకు తగిలిన పిమ్మట ముందునకు త్రిప్పినచో అడ్డముగ ఎక్కదు. నట్టు క్రింద చదునైన వాషరును వేయించెను. వాషరు లేనిచో నట్టు చట్రపు ఇనుమును, రంగును కొరుకుచు తిరుగును. ఆ రంగు కొన్నాళ్ళకు నలిగిపోగా బిగువు తగ్గును.

పానా విషయమున పాత బండ్లకు ఒక విశేషము కలదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ మరచుట్లకు ఒక ప్రమాణమును ప్రతిపాదించెను. ఆ ప్రమాణపు పానాలపై చెక్కిన అంకె నట్టు తలకొలతను గాక బోల్టు లావును తెలుపును. పాత ఆంగ్ల పద్ధతి నట్టుకు నేటి మిల్లీమీటరు పానాను వేసినచో కొంచెము వదులుగ కూర్చుండి, లాగినప్పుడు నట్టు మూలలను గుండ్రము చేయును. కటింగు ప్లయరుతో ఇరుసు నట్టును బిగించువారిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. వారి పని నట్టు మూలలపైనే వ్రాసియుండును.

తరువాత చక్రమును చట్రపు గాడులలో ముందునకు నెట్టించెను. బుల్లెట్టునందు ఇరుసు రెండు కొనలను నత్తగుల్ల ఆకృతిగల గాట్ల పళ్ళెములుండును. వానిని త్రిప్పినచో ఇరుసు వెనుకకు జరిగి చైను బిగియును. ఆ పళ్ళెములు చక్రమునకు చోటు నిర్ణయించుటకే. బండి బలమును మోయుట వాని పని కాదు. రెండు ప్రక్కలను సమానమైన గాట్లుండునట్లు బాలుడు సరిచేసెను. మిస్త్రీ అంతటితో తృప్తి చెందలేదు. బండి పాతది, పళ్ళెములు మారియుండవచ్చును. ఒక దారమును వెనుక టైరు వెంబడి ముందు టైరువరకు సాగదీయించి రెండు చక్రములును ఒకే వరుసలో నున్నవా యని చూచెను. చైను నడుమ వ్రేలితో ఎత్తి దింపగా స్థూలముగ ఒక అంగుళమాడెను. చక్రమును త్రిప్పుచు నాలుగైదు చోట్ల పరీక్షించి, చైను మిక్కిలి బిగుతుగ నున్న చోటునే లెక్కకు తీసికొనెను. బండితో వచ్చిన పుస్తకము దొరికినచో అందలి కొలతయే ప్రమాణము.

అప్పుడు రెండవ కొనను ఒక పానాతో పట్టుకొనుమని, నట్టును సగము బిగించుమని చెప్పెను. ఇరుసు తిరుగుచుండ నట్టు బిగియదు. ఆ పిదప మిస్త్రీ తానే బ్రేకు పెడలును కాలితో నొక్కి పట్టెను. అది ఎందులకు? బ్రేకు నొక్కినపుడు లోపలి చెప్పులు డ్రమ్మును నలుదిక్కుల సమముగ పట్టుకొని, బ్రేకు పళ్ళెమును నడిమికి తెచ్చును. ఆ స్థితిలో నట్టు బిగించినచో బ్రేకు రెండు చెప్పులతోను పనిచేయును. లేనిచో ఒక చెప్పు మాత్రమే తాకి, బ్రేకు అరచుచు సగము పనియే చేయును. ఈ చిన్న మెలకువను ఎరుగని మిస్త్రీలు చాలమంది కలరు. బ్రేకు నొక్కియుండగనే బాలుడు గొట్టము లేకుండ పానాను ఒకే తీరుగ, కుదుపక లాగి బిగింపు పూర్తిచేసెను. బ్రేకు పళ్ళెము తిరుగకుండ పట్టియుంచు బందు నట్టునుకూడ చూచెను. అది ఊడినచో బ్రేకు వేసిన క్షణముననే పళ్ళెము చక్రముతోపాటు తిరిగి కడ్డీలను విరుచును.

బిగించిన పిమ్మట చైనును మరల చూడవలెను. నట్టు బిగియునప్పుడు ఇరుసు ఒక వెంట్రుకవాసి జరిగి చైను బిగువు మారుట కలదు. చక్రమును చేతితో త్రిప్పి వదలవలెను. టైరును పైనను క్రిందను పట్టి ప్రక్కలకు ఊపవలెను. టక్కుమను చప్పుడు వచ్చినచో బేరింగులను అనుమానింపవలెను.

ముందు చక్రమునకు మరియొక రీతి. పాత బుల్లెట్టునందు ముందు ఫోర్కు కాళ్ళ అడుగున ఇరుసును పట్టియుండు టోపీలు, వానికి బోల్టులు ఉండును. ఒక ప్రక్క బోల్టును పూర్తిగ బిగించి రెండవ దానికి పోరాదు. అటు కొంత, ఇటు కొంత బిగించుచు టోపీకి ముందు వెనుకల గల సందు సమముగ నుండునట్లు చూడవలెను. కొన్ని ఇతర బండ్లలో ఇరుసు నట్టును మొదట బిగించి, ముందు బ్రేకు పట్టి ఫోర్కును నాలుగైదు మార్లు క్రిందికి అదిమి, కాళ్ళు ఇరుసుపై తమ చోటున కుదిరిన తరువాతనే అడుగు బోల్టును బిగింతురు. అట్లు చేయనిచో ఫోర్కు కాళ్ళు వంకరగ పట్టుబడి గుంతలలో ఆడక బిగుసుకొనును.

ఇరుసు కొనకు రంధ్రము, గాట్లుగల నట్టు ఉన్న బండ్లలో చీలిక పిన్నును వేయవలెను. బిగింపు పూర్తియైన పిదప గాటు రంధ్రమునకు ఎదురు రాకపోయినచో నట్టును ఇంకొంచెము ముందునకే బిగించి తరువాతి గాటునకు చేర్పవలెను. వెనుకకు వదలరాదు. కొన్ని కార్ల ముందు చక్రములలో కోనాకారపు బేరింగులకు కొంత సందు కావలసియుండుటచే అచ్చట వెనుకకు వదలుట కలదు. రెండు పద్ధతులను కలగలుపరాదు. ఒకసారి వంచిన పాత పిన్నును చక్కజేసి మరల వాడుట పిసినితనము. వంగిన చోట ఉక్కు బలము తప్పియుండును.

పని ముగిసిన పిదప మిస్త్రీ తెల్లరంగు కుంచెతో నట్టుపై ఒక గీతను, దానికి ఎదురుగ ఇరుసు కొనపై మరియొక గీతను గీయించెను. రెండు గీతలును ఒకే వరుసలో నున్నంతకాలము నట్టు కదలలేదని తెలియును. దానిని చూచుటకు పానా అవసరము లేదు, మిస్త్రీ అవసరమును లేదు. "సారూ, రేపు పరిగికి పోయి వచ్చినాక ఒకసారి ఇటు రాండ్రి. నట్టు కూర్చున్నదో లేదో చూస్త" అని రైతుతో చెప్పినాడు. క్రొత్తగ బిగించిన భాగముల నడుమనున్న రంగు, దుమ్ము, తుప్పుపొర తొలి ప్రయాణమున నలిగి అణగును. ఆ అణగిన మేరకు ఇరుసు సాగుడు తగ్గును. అందుచేతనే 40 లేక 50 కిలోమీటర్లు నడిచిన పిదప నట్టును మరల పరీక్షింతురు.

మరునాటి ఉదయము రైతు బండి తీయబోవుచుండగా కుమార్తె వంగి, టార్చిలైటు వెలుగులో ఆ రెండు తెల్లగీతలను చూచి, పిదప వెనుక కూర్చున్నది.